ఏడో నంబరు ఆటగాడు పరారీ కాలేదు

కువైట్,
12–3–1984, సోమవారం.

భారత రాయబార కార్యాలయంలో కార్మికుల బాగోగులు విచారించు అధికారి గారి సముఖమునకు,

కడప జిల్లా రాయచోటి తాలూకా వాస్తవ్యుడు, ప్రస్తుతం కువైట్ అర్దియాలో ఒక కళాశాల ఆటల హాలు పనివాడు అయిన పోతుల బాలసుబ్బయ్య వ్రాసుకొను అర్జీ.

విషయం: కళాశాల వాలీబాల్ జట్టు కొరకు మన దేశము నుండి రప్పించబడిన షేక్ ఖాజావలి, వయస్సు 21, గత ఫిబ్రవరి 7వ తేదీ నుండి కనిపించకపోవుట, అదే జట్టు కొరకు మరొక ఆటగాడు ఈ గురువారం విమానంలో దిగుచుండుట గురించి.

అయ్యా,

1. నేను కడపలో ఒక కాలేజీ ఆటల గదికి పదమూడేళ్లు అటెండరుగా పనిచేసినవాడను. బంతులకు గాలి కొట్టడం, నెట్టు కట్టడం, పోటీలకు జట్టు వెంట పోయి సామాను కాయడం నా విధులు. 1979లో ఆ పని విడిచి ఇక్కడికి వచ్చాను. ఇక్కడ కూడా అదే పని. హాలు నేల తుడిచి, గీతలు దిద్ది, నెట్టు బిగించి, ఆటగాళ్ల చొక్కాలు ఉతికి ఆరేస్తాను. హాలు గోడకు ఒక పలక ఉంది. ఆ ఏడాది జట్టులో ఉండేవాళ్ల నంబరు, పేరు, ఎత్తు దానిమీద సుద్దతో రాస్తారు. కళాశాల పేరు, దాని ఆటల మేనేజరు గారి పేరు ఈ అర్జీలో రాయలేదు. విడిగా ఒక చీటీలో రాసి మడిచి జతపరచాను. తాము ఒక్కరే చూడవలెనని ప్రార్థన.

2. మా జట్టు వరుసగా రెండేళ్లు ఓడిపోయింది. ఎదుటి కళాశాలవారు పొడుగైన విద్యార్థులను వేరే దేశాల నుండి బదిలీ మీద తెచ్చుకున్నారు. 1982 వేసవిలో ఒకరోజు నేను నెట్టు విప్పుతుండగా, అందరూ ముదీర్ అని పిలిచే మేనేజరు గారు వచ్చి, తనకు వచ్చిన హిందీలో, "మీ ఊళ్లలో బాగా ఎగిరేవాళ్లు ఉన్నారా?" అని అడిగారు. తెలియదని చెప్పి ఉంటే సరిపోయేది. నేను నా పెట్టెలోంచి ఫోటో తెచ్చి చూపించాను. కాలేజీల పోటీలో గెలిచిన కప్పు పట్టుకుని జట్టు ముందు మా ఖాజావలి నిలబడి ఉన్న ఫోటో అది. నేను కడపలో ఉన్న చివరి ఏడాది అతను అక్కడ ఇంటర్‌లో చేరాడు. ముదీర్ అతని ముఖం చూడలేదు. ఎత్తెంత అని మాత్రం అడిగారు. ఆరడుగుల రెండంగుళాలని చెప్పాను.

ఖాజావలి తల్లి సుల్తాన్‌బీ రాయచోటి మండీలో మిరపకాయలకు తొడిమలు తీసే మనిషి. తండ్రి లేడు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వాళ్లకు ఉత్తరం రాసింది నేను. కళాశాలలో సీటు, హాస్టలు, జట్టులో స్థానం, చివర పట్టా. ఈ మాటలన్నీ ముదీర్ చెప్పినవే అయినా, చేతిరాత నాది. వాళ్లు నమ్మింది ఆ చేతిరాతనే.

3. అక్టోబరులో వచ్చాడు. కాలేజీలో టి.సి. తీసుకుని, మార్కుల కాగితాలు అట్టల మధ్య పెట్టి తెచ్చుకున్నాడు. విమానాశ్రయంలోనే ముదీర్ అతని పాస్‌పోర్టు తీసుకుని జేబులో పెట్టుకున్నారు. టి.సి. చూసి, ఇది అక్కర్లేదని తిరిగి ఇచ్చారు. కారులో వెనక సీట్లో కూర్చుని ఖాజావలి నన్ను మెల్లగా అడిగాడు.

"అన్నా, మీరు పంపిన వీసా నకలులో ఖాదిమ్ అని ఉండాదంట. విమానంలో పక్కనాయన చదివినాడు. అంటే యేంది?"

"రూలు కోసం అట్ల రాస్తార్లే. సీటు రాంగానే మార్పిస్తారు" అన్నాను.

ఖాదిమ్ అంటే ఇంటి నౌకరు. ఆ మాటకు అర్థం నాకు అప్పటికి మూడేళ్లుగా తెలుసు.

4. అతనికి క్లాసు లేదు, హాస్టలు లేదు. హాలు వెనక సామాన్ల గదిలో చాప మీద పడక. పొద్దున ముదీర్ తమ్ముడి ఇంట్లో కార్లు కడగడం, సాయంత్రం ఆట. వీసా ఆ తమ్ముడి పేరు మీద వచ్చినదే. జట్టు పలక మీద ఖాజావలి పేరు ఏనాడూ రాయలేదు. ఆ కళాశాలలో పేరు నమోదై, చదువుకోసం లండన్ వెళ్లిన ఒక విద్యార్థి ఉన్నాడు. ఏడో నంబరు ఆ విద్యార్థిది. అతని గుర్తింపు కార్డుకు ఖాజావలి ఫోటో అంటించి ఆడించారు. మాట్లాడితే బయటపడుతుంది కనుక కోర్టులో నోరు విప్పవద్దని, ఎవరు ఏమడిగినా తల ఊపమని చెప్పారు. బాగా ఆడితే రెండో ఏడు సొంత పేరుతో చేర్చుకుంటామని కూడా చెప్పారు.

1983 ఏప్రిల్‌లో కప్పు గెలిచాము. జనం లేచి నిలబడి లండన్‌లో ఉన్నవాడి పేరు పెట్టి కేకలు వేశారు. ముదీర్ ఖాజావలిని కౌగిలించుకున్నారు. చొక్కాలు మూట కడుతున్న నా దగ్గరికి వచ్చి అతను, "వాళ్లు పిలిచింది నన్ను కాదు గదన్నా" అన్నాడు. నేను నవ్వి భుజం తట్టాను. అది నా ఇంకో తప్పు.

5. రెండో ఏడు కూడా పేరు మారలేదు. పాస్‌పోర్టు అడిగిన ప్రతిసారి పోటీలు అయ్యాక అన్నారు. డిసెంబరు మొదటి వారంలో ప్రాక్టీసులో ఎగిరి దిగుతూ మోకాలు మెలికపడింది. ఆసుపత్రిలో డాక్టరు మూడు నెలలు కదలకూడదని రాసిచ్చాడు. ఆ కాగితం మీద రోగి పేరు కూడా ఖాజావలిది కాదు.

రెండు నెలలు ఆ గదిలో పడుకుని ఉన్నాడు. అతని అక్క కుల్సుమ్ బీ రిగ్గైలో ఒక ఇంట్లో వంట చేస్తుంది. శుక్రవారం ఒక పూట ఆ ఇంటి యజమానురాలు పంపిస్తే వచ్చి, కాలికి నూనె రాసి, అన్నం తినిపించి పోయేది. ఆమె నన్ను ఒకటే అడిగేది. "వీనికి ఆట పోతే వీళ్లకు వీడు యేమైతాడు సుబ్బయ్యన్నా?"

6. ఫిబ్రవరి 7, మంగళవారం, సెమీ ఫైనల్. సాయంత్రం నాలుగు గంటలకు ముదీర్, ఒక కాంపౌండరును వెంటబెట్టుకుని వచ్చి, మోకాలికి సూది వేయించారు. ఖాజావలి నాకేసి చూశాడు. నేను ఐసు గడ్డల సంచి పట్టుకుని నిలబడి ఉన్నాను. వద్దని ఒక్క మాట అనలేదు. నన్ను ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, ఇఖామా, దానిమీద సంతకం పెట్టేది కూడా ఆ ముదీరే.

రెండు ఆటలు బాగా ఆడాడు. నొప్పి తెలియడం లేదు కాబట్టి ఇంకా ఎక్కువ ఎగిరాడు. మూడో ఆటలో స్మాష్ కొట్టి దిగినప్పుడు కాలు నిలవలేదు. పక్కకు పడి, నెట్టు స్తంభానికి తల తగిలింది. అంత దెబ్బకు కూడా అతను అమ్మా అనలేదు. అనవద్దన్నారు కనుక అనలేదని నేను అనుకుంటున్నాను. నలుగురు మోసుకుపోయారు. నేను వెంటపోబోతే, నేల మీద నెత్తురు తుడవమన్నారు. తుడిచాను. ఆట మళ్లీ మొదలైంది.

7. మరునాడు పొద్దున సామాన్ల గదిలో చాప చుట్టి ఉంది. బట్టలు లేవు. పలక మీద ఏడో నంబరు ఎదుట ఆ లండన్ విద్యార్థి పేరు చెరిపి ఉంది. ముదీర్‌ను అడిగాను. "ఖలాస్. ఊరికి పంపించాము" అన్నారు. ఊరికి పోయినవాడు వాళ్లమ్మకు కనబడాలి కదా. ఫిబ్రవరి 20న సుల్తాన్‌బీ ఎవరిచేతనో రాయించిన ఉత్తరం అక్కకు చేరింది. తమ్ముడు రెండు నెలలుగా జాబు రాయలేదేమని అందులో అడిగింది.

నేనూ కుల్సుమ్ బీ కలిసి మూడు ఆసుపత్రులు తిరిగాము. ఖాజావలి అనే పేరు ఎక్కడా లేదు. మూడో దానిలో ఒక కేరళ నర్సమ్మకు ఫోటో చూపిస్తే గుర్తుపట్టింది. "ఈ మూగబ్బాయా?" అన్నది. తలకు కట్టు, కాలికి పట్టీతో రెండు రోజులు ఉన్నాడట. కార్డులో వేరే పేరు ఉందట. ఎవరు పలకరించినా తల ఊపేవాడట. తొమ్మిదో తేదీ మధ్యాహ్నం, కుటుంబంవారమని ఇద్దరు మనుషులు వచ్చి తీసుకుపోయారట. "వాళ్లను చూసి మంచం కమ్మీ పట్టుకున్నాడు. వేళ్లు ఒక్కొక్కటే విడిపించారు" అని చెప్పింది. కుల్సుమ్ బీ ఆ ఖాళీ మంచం కమ్మీ మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. ఆ నర్సమ్మను ఎవరూ ఇబ్బంది పెట్టకుండా చూడవలెను.

తరువాత పోలీసు స్టేషన్‌కు పోయాము. అక్కడ ఖాజావలి పేరు ఉంది. యజమాని ఇంటి నుండి పరారైన ఖాదిమ్ అని డిసెంబరు 20వ తేదీన ఫిర్యాదు రాసి ఉంది. అయ్యా, డిసెంబరు 20న అతను కదలలేక సామాన్ల గదిలో పడుకుని ఉన్నాడు. ఫిబ్రవరి 7న ఏడెనిమిది వందల మంది ఎదుట ఆడాడు. పారిపోయినట్టు రాస్తేనే అదే యజమానికి ఇంకొక ఖాదిమ్ వీసా దొరుకుతుందని స్టేషన్ బయట అర్జీలు రాసే టైపిస్టు మాకు వివరించాడు. మోకాలు చెడిన రెండు వారాలకే వాళ్లు ఇంకొకనికి చోటు సిద్ధం చేశారన్నమాట.

8. ఇక రాయవలసినది ఒకటి ఉంది. ఇంతవరకు రాసినదంతా దీన్ని వెనక్కు నెట్టడానికే రాశానేమో అనిపిస్తున్నది.

ఫిబ్రవరి 10న ముదీర్ నన్ను ఆఫీసులోకి పిలిచి, కాగితం, పెన్ను ముందు పెట్టారు. ఖాజావలి కొట్టడానికి బంతి ఎత్తి ఇచ్చే లిఫ్టర్ వెంకటసత్యనారాయణ, నేను ముదీర్‌కు చూపిన ఆ ఫోటోలోనే రెండో వరుసలో ఉన్నాడు. అతనికి జాబు రాయమన్నారు. నా పేరుతో కాదు. ఖాజావలి రాసినట్టు. నాకు చెయ్యి నొప్పిగా ఉందన్నాను. ఆయన కోప్పడలేదు. "నీ ఇఖామా ఏప్రిల్‌లో అయిపోతుంది కదా" అని మాత్రం అన్నారు.

రాశాను. నేను క్షేమం, చదువు బాగుంది, ఇక్కడ హాలు నేల చెక్కతో చేసినది, దిగినా కాలు నొప్పి పుట్టదు, నువ్వు లిఫ్ట్ ఇస్తే కొట్టాలని ఉంది అని రాశాను. చివరి వాక్యం ముదీర్ చెప్పలేదు. నమ్మించడానికి నేనే చేర్చాను. కింద ఖాజావలి సంతకం చేశాను. కడపలో ఆటల రిజిస్టరులో నేను చూసిన సంతకం.

వెంకటసత్యనారాయణ టి.సి. తీసుకున్నాడు. ఈ గురువారం 15వ తేదీ బొంబాయి విమానంలో దిగుతాడు. వద్దని టెలిగ్రాం ఇచ్చాను. జవాబు లేదు. అప్పటికే ఊరు దాటి ఉంటాడు. పలక మీద ఏడో నంబరు ఎదుట అతని ఎత్తు రాశారు.

మొన్న శుక్రవారం కుల్సుమ్ బీకి ఈ సంగతి చెప్పాను. కొడుతుందనుకున్నాను. ఆమె కళ్లు తుడుచుకుని, "ఆ చేత్తోనే ఇంకో కాయితం రాయి సుబ్బయ్యన్నా. ఈసారి నీ పేరు పెట్టు" అన్నది. అందుకే ఈ అర్జీ.

కావున తాము దయచేసి, గురువారం దిగే పిల్లవాడిని పాస్‌పోర్టు చేతులు మారకముందే ఆపించవలెను. ఖాజావలిని జైళ్లలో, ఆసుపత్రులలో అతని అసలు పేరుతోనూ, అదే చీటీలో రాసిన ఆ లండన్ విద్యార్థి పేరుతోనూ వెతికించవలెను. దొరికితే తెలుగులో పలకరించవలెను. నేను రాసిన జాబులకు నామీద తీసుకొను చర్యకు సిద్ధంగా ఉన్నాను. ఇది ఒక పనివాడి మాట అని పక్కన పెట్టక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పోతుల బాలసుబ్బయ్య

మనవి: ఈరోజు శనివారం, 17వ తేదీ. సోమవారం రాసిన ఈ కాగితం తమకు చేర్చడానికి ముదీర్ సెలవు ఇవ్వలేదు. కొత్త ఆటగాడిని గుర్తుపట్టడానికని గురువారం నన్నే విమానాశ్రయానికి తీసుకుపోయారు. దిగినవాళ్లకు అసలు వీసా కాగితాలు ఇచ్చే కిటికీ దాకా ఇద్దరం పోయాము. కమ్మీలకు అవతల వెంకటసత్యనారాయణ నన్ను చూసి చెయ్యి ఊపాడు. ముదీర్‌కు తెలుగు రాదు.

"నవ్వుతా విను నాయనా. వీసా కాయితం తీసుకోవాకు. పాస్‌పోర్టు యెవరికీ ఇయ్యాకు. యెనక్కి పోయి, నేను రాను, వచ్చిన విమానంలోనే పంపీండి అని గట్టిగా చెప్పు" అన్నాను.

అతను నవ్వుతూనే, "ఖాజా యాడన్నా? జాబు రాసినాడే" అన్నాడు.

"ఆ జాబు నేను రాసింది" అన్నాను.

అతని ముఖంలో నవ్వు పోవడం ముదీర్ చూశారు. పిల్లవాడు సంచి గుండెకు హత్తుకుని వెనక్కి తిరిగి నడిచాడు. పోలీసులు వచ్చారు, ముదీర్ వాళ్లతో చాలాసేపు మాట్లాడారు. అయినా వాడు కదలలేదు. సాయంత్రం విమానంలో తిప్పి పంపించారు. అద్దాల వెనక వాడు మెట్లెక్కడం నేను కళ్లారా చూశాను. అంతవరకు మంచి జరిగింది.

తిరుగు ప్రయాణంలో అర్దియా వచ్చాక ముదీర్ కారు ఆపి, నెమ్మదిగా చెప్పారు. "శనివారం పొద్దున ఆఫీసుకు రా. ఖాజావలి తల్లికి ఒక జాబు రాయాలి. తాను బాగున్నానని, ఇక నెలనెలా జాబు రాస్తానని, అతను రాసినట్టు."

ఖాజావలికి రాయడం వచ్చు. అతని చేతులకు ఏ దెబ్బా తగల్లేదు. మరి ఆ జాబు నాతో ఎందుకు రాయించాలి?

నేను ఆఫీసుకు పోలేదు. కుల్సుమ్ బీ కూడా పని వదిలి వచ్చింది. ఇద్దరం పొద్దున ఆరు గంటల నుండి తమ గేటు ముందు ఉన్నాము. వాళ్లమ్మకు ఏమి రాయాలో తమరు కనుక్కుని చెప్పేదాకా కదలము.