నేను అద్దని షిబోరి

నోవై, మార్చి 3

ప్రియమైన రేణూ,

ఫోన్‌లో అయితే నవ్వి తప్పిస్తావు. అందుకే రాస్తున్నాను.

నిన్న గుడికి మా పక్కింటి రష్మి నీలం చీర కట్టుకొచ్చింది. మొన్న మీ ఊరు వచ్చినప్పుడు పిస్కాటవేలో నీ షాపులో కొన్నదట. "షిబోరి! మీరు అద్దిందే కదండీ? చీరతో ఇచ్చిన కార్డు మీద మీ చేతుల ఫొటో కూడా ఉంది" అంది. కొంగు తిప్పి చూశాను. వెనక తెల్లగా ఉంది. మిషన్ ప్రింటు.

మిచికోగారి దగ్గర ఈ జపాన్ అద్దకం ఎన్నాళ్లుగా నేర్చుకుంటున్నానో నీకు తెలుసు. గుడ్డను కుట్టి, దారం బిగించి, నీలిమందులో ముంచుతాం. రంగు రెండువైపులా పడుతుంది. కుట్టిన చోట ముడత మిగులుతుంది. గోధుమపొట్టుతో పులిసే ఆ తొట్టి కంపుకి నువ్వు ముక్కు మూసుకుని పారిపోయావు. నాకెప్పుడూ రోత పుట్టలేదు. ఈ ఉదయం పూజలో, నీలం పట్టిన నా గోళ్లు చూసుకుంటే పుట్టింది.

ఆ ఫొటో తీసెయ్యి.

ఆశీస్సులతో,
అక్క

పిస్కాటవే, మార్చి 9

ప్రియమైన అక్కా,

అబ్బ, నీ కోపం కూడా విభూతి వాసనే! కొంగు తిప్పి చూసేది నువ్వొక్కదానివే. కార్డు మీద నీ చేతులు పెట్టాకే సేల్స్ పెరిగాయి. ఏప్రిల్ ఎగ్జిబిషన్‌కి స్టాల్ బుక్ చేశాను. అందరూ "అక్కగారు వస్తారా?" అని అడుగుతున్నారు. నీ ఫ్లైట్ టికెట్ కూడా తీసేశా. ఏమీ మాట్లాడక్కర్లేదు, నవ్వుతూ నిలబడు చాలు. రాకపోతే నా పరువు పోతుంది.

నీ ముద్దుల చెల్లి,
రేణు

నోవై, ఏప్రిల్ 20

రేణూ,

దేవుడి ముందు నీ పేరు చెప్పుకోవడం మానలేదు. అది మానను.

ఎగ్జిబిషన్‌కి నేను నవ్వుతూ నిలబడటానికి రాలేదు, ఆ ఫొటో తీసెయ్యమని నీకు ఎదురుగా చెప్పాలని వచ్చాను. నువ్వు కాఫీలకి వెళ్లావు. అంతలో ఒకమ్మాయి చీర పట్టుకొచ్చింది.

"ఆంటీ, ఇది మీరే డై చేశారా?"

"లేదమ్మా. ప్రింటు. తిప్పి చూడు."

తిప్పలేదు. నవ్వింది. "తెలుసాంటీ! ఈ రేటుకి హ్యాండ్ డై ఎక్కడొస్తుంది? కార్డు ఉంటే చాలు, పార్టీలో చెప్పుకోవచ్చు. మీ చేతులతో ఒక సెల్ఫీ తీసుకోనా?" అంటూ నా చెయ్యి పట్టుకుంది.

నువ్వు జనాన్ని మోసం చేస్తున్నావనుకున్నాను. కాదు. నువ్వూ, కొనేవాళ్లూ తెలిసే అబద్ధాన్ని ముచ్చటగా ఇచ్చిపుచ్చుకుంటున్నారు. మధ్యలో నా చేతులు.

చెయ్యి లాక్కున్నాను. బల్ల మీది కార్డులన్నీ సంచిలో వేసుకుని, నీకు చెప్పకుండానే బయల్దేరాను. ఎయిర్‌పోర్టు చెత్తబుట్టలో పడేశాను. నా చేతుల బొమ్మలే. అయినా వాటిని ముట్టుకున్నందుకు చేతులు సబ్బుతో కడుక్కున్నాను.

అక్క