కొత్త చైన్, పాత చక్రాలు

జూలై 3, బుధవారం. పుంగనూరు

నేను చెప్తున్నాను, మనవరాలు రూప రాస్తోంది. నాకు అక్షరం రాదు. రేపు పోలీసు స్టేషన్‌లో నిలబడితే ఒక్క మాట కూడా తప్పిపోకూడదు.

నా కొడుకు మురళి రోగులను కుప్పం ఆసుపత్రికి కారులో తీసుకెళ్లేవాడు. మార్చిలో ఆ దారిలో కొండ ఎక్కుడులో ఇంజిన్ ఆగిపోయింది. బండి వెనక్కి జారకుండా చక్రం కింద రాయి పెట్టడానికి దిగాడు. వెనక నుంచి లారీ వచ్చింది. మురళి మిగల్లేదు.

ఇంజిన్ లోపల తిరిగే టైమింగ్ చైన్ చక్రాల పళ్ళ మీద నుంచి జారిందట. అంతకు ముందు ఏడాదే మదనపల్లెలో మెకానిక్ కలీం చైనూ, అది తిరిగే పళ్ళ చక్రాలు మూడూ మార్చాడని మురళి నాతో అన్నాడు. మార్చి ఉంటే ఎందుకు జారుతుంది? మార్చకుండానే మార్చానని కలీం మురళితో అబద్ధమాడాడు. నా కేసు అదే.

కోడలు మాలతి ఇక తనే కారు నడుపుతానంటోంది. ఆ ఇంజిన్‌తో పంపను.

జూలై 5. మదనపల్లె

కారును లాగించుకొచ్చి కలీం షెడ్డు ముందు కూర్చున్నాను. విప్పరా, నా కళ్ళ ముందర విప్పు అన్నాను. కలీం, ఎండలో యాల కూసున్నావమ్మా, నీడకు రా అన్నాడు. నీ నీడ నాకొద్దన్నాను.

పక్క షెడ్డు గోపాలస్వామి, ఇంజిన్ సంగతి నీకేం తెలుసవ్వా అన్నాడు. పట్టు రాట్నం తిప్పినదాన్ని, పళ్ళు అరిగితే చైన్ ఎగురుతుంది, ముందు నీ నోట్లో పళ్ళు సూసుకో ఫో అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

జూలై 6

ఇంజిన్ ముందు మూత తీశాడు. చైన్ కొత్తదే. చక్రాల పళ్ళు అరిగి కొక్కేల్లా వంగి ఉన్నాయి. పాతవే! కలీం చొక్కా పట్టుకున్నాను.

విడిపించుకోలేదు. నా పట్టులో ఉండగానే చెయ్యి చాచి అరలోంచి గ్రీజు కాగితం మూట తీశాడు. మూడు కొత్త పళ్ళ చక్రాలు. కాగితం మీద మురళి పేరు ఉందని రూప చదివింది.

అన్న కోసమే తెప్పిస్తినమ్మా అన్నాడు. ఇప్పుడు చైన్ చాలు, చక్రాలు దాచిపెట్టు, మా రూప కాలేజీ ఫీజు కట్టేసి వచ్చి వేయించుకుంటా అని మురళి అన్నాడంట. అమ్మకు మాత్రం అన్నీ మార్చినామనే చెప్తా, లేకుంటే నన్ను బండెక్కనీదు అని నవ్వినాడంట.

ఇన్నాళ్ళు యాల చెప్పలేదురా అన్నాను. సచ్చిపోయినోని మీద ఎట్ల సెప్పేదమ్మా, నన్నే తిట్టుకోనీలే అనుకుంటి అన్నాడు.

చొక్కా వదిలేశాను.

సాయంత్రం

రూప పెన్ను కింద పెట్టేసింది. ఫీజు మాట రాయొద్దే, కొట్టెయ్ అన్నాను. కొట్టెయ్యనవ్వా, ఉండనీ అంది. ఉంది.

జూలై 7

కేసు లేదు.

జూలై 12. మదనపల్లె

చైన్ జారినప్పుడు లోపల వంగిన వాల్వులు మార్చారు. కొత్త చైన్, మురళి చక్రాలు మూడూ ఎక్కాయి. స్టార్ట్ చేయకముందు కలీం స్పానర్‌తో ఇంజిన్‌ను మెల్లగా తిప్పి, చక్రాల మీది గుర్తులు సరిగ్గా కలిశాయని చూపించాడు. మళ్ళీ తిప్పమన్నాను. తిప్పాడు. ఈరోజు వాడి నీడలోనే కూర్చున్నాను. టీ ఇస్తే తాగాను.

జూలై 15. కుప్పం

మాలతి నడిపింది. ముందు సీట్లో, ఒళ్ళో రాయి పెట్టుకుని కూర్చున్నాను. ఎక్కుడులో బండి ఆగితే ఈసారి దిగేది నేను.

ఆగలేదు.