ఫ్లాస్కు నేను మోస్తాను

హోసూరు,
14-8-2003

బామ్మర్ది తిమ్మరాయప్పకు,

నీ పెండ్లాం భువనను నిన్న మీ అక్కే ఆసుపత్రికి పిలుచుకొని పోయింది. ఇది రెండో అబార్షను. ఇంకో కడుపు ఆమె ఒళ్లు తట్టుకోదని డాక్టరమ్మ చెప్పింది. ఇద్దరు పిల్లలు చాలని అనుకున్నది మీరిద్దరూ. నువ్వేమో "అది పాపం, నేను సంతకం పెట్టను" అని డెంకణికోటలోనే కూర్చుంటివి. నీ సంతకం ఎవరడిగినారప్పా? చట్టానికి ఆమె సంతకం చాలు. పాపమే అనుకో, అందులో నీ వంతు ఎంతో చెప్పు.

ఇంక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ నువ్వు చేయించుకో. రాగిచేలో ఏనుగును తరిమే మొగోడివి, పావుగంట పనికి వణుకుతావా? "మళ్లా బరువులెత్తలేనంట బావా" అంటివి. మీ ఇంట్లో నీళ్ల బిందె ఎత్తేది కూడా భువనే గదా!

నిన్ను తిట్టే హక్కు నాకూ లేదులే. మీ అక్క ఆపరేషన్ చేయించుకున్న రోజు నేను కృష్ణగిరి సభలో స్త్రీల హక్కుల మీద ఉపన్యాసం దంచుతా ఉన్నాను. ఆమె ఒక్కతే ఫ్లాస్కు మోసుకొని బస్సులో ఇంటికొచ్చింది. ఇన్ని వ్యాసాలు రాసినాను, ఆ సంగతి యాడా రాయలేదు.

వచ్చే బుధవారానికి ఆసుపత్రిలో నీ పేరు రాయించినాను. ఈసారి ఫ్లాస్కు నేను మోస్తాను. పొద్దున్నే బస్టాండులో నిలబడి ఉంటాను, రా.

మీ బావ