మాబు అడిగిన రంగు

గుంటూరు,
12-4-1986

ప్రియమైన మీకు సలాం.

మీరు పని నుంచి వచ్చేలోపే మాబును తీసుకుని బస్సెక్కాను. పక్కింటి సుబ్బమ్మక్క చెప్పే ఉంటుంది. అప్పుడు నేను పంపు దగ్గర ఉన్నాను. గోడలకు వేయడానికి మీరు తొట్టిలో పోసిన సున్నం ఇంకా కుతకుత ఉడుకుతోంది. పిల్ల అందులో రంగునీళ్ళు ఒంపి కర్రతో తిప్పింది. చింది రెండు కళ్ళలోనూ పడింది. "అమ్మీ, మండుతున్నయ్యే!" అన్న కేక ఇంకా నా చెవుల్లోనే ఉంది.

పెద్దాసుపత్రిలో రెండు కళ్ళకూ కట్టు కట్టారు. చూపు సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు. ఐదేళ్ళ పిల్ల, దీపం పెట్టమని అడుగుతోంది. ఏం చెప్పను?

మంచాన పడ్డ అత్తమ్మను వదిలి మీరు రాలేరు. అయినా రండి అనాలనిపిస్తోంది.

మీ షాహిదా

మాచర్ల,
16-4-1986

ప్రియమైన షాహిదాకు,

అమ్మకు జ్వరం కూడా తగిలింది. కదల్లేకుండా ఉన్నాను. తొట్టిని గడ్డపారతో పగలగొట్టాను. ఎవరు పనికి పిలిచినా పోవడం లేదు. నేను బ్రష్షు పడితే మాబు పక్కన కూర్చుని డబ్బాలో చేతులు ముంచేది. నవ్వేవాణ్ణి. ఒక్కసారీ వద్దనలేదు.

నా కన్నొకటి తీసి పిల్లకు పెట్టమని డాక్టరుగారిని అడుగు. నిజంగానే రాస్తున్నాను.

నీ ఫరీద్

గుంటూరు,
21-4-1986

ప్రియమైన మీకు,

అడిగాను. బతికున్న మనిషి కన్ను తీయరట.

మాబు తిండి మానేసింది. నిన్న గంజి గిన్నెలో చెయ్యి ముంచి గోడకు పూసింది. "ఏం రంగు అమ్మీ ఇది?" అంది. తెలుపన్నాను. "తెలుపొద్దు" అని చెయ్యి నా కొంగుకు తుడిచేసింది.

రేపు కట్టు విప్పుతారు. నాకు చూసే ధైర్యం లేదు. దువా చేయండి.

మీ షాహిదా

గుంటూరు,
22-4-1986

ప్రియమైన మీకు,

కుడి కన్ను పోయింది. గుండె రాయి చేసుకుని చదవండి.

ఎడమ కన్ను ముందు డాక్టరుగారు వేళ్ళు ఆడించారు. మాబు పలకలేదు. ఆయన తల దించుకున్నారు. అప్పుడే నర్సమ్మ పుండ్లకు పూసే మందు సీసాతో పక్క మంచం దగ్గరకు పోతోంది. మాబు తల అటు తిరిగింది.

"ఏంది అది? నీలంలో ఎరుపు కలిపిన్రా?"

డాక్టరుగారు ఆ సీసా అందుకుని అటూ ఇటూ తిప్పారు. పిల్ల ముఖం దాని వెంటే తిరిగింది. "ఈ కన్ను దక్కిందమ్మా" అన్నారు.

సీసా ఇచ్చిందాకా అది ఊరుకోలేదు. వేలు ముంచి నా అరచేతిలో మిమ్మల్ని గీసింది. ముక్కు చానా పెద్దగా వచ్చింది. నేనింకా ఆ చెయ్యి కడుక్కోలేదు.

మీ షాహిదా