గంటల లెక్క ఆపేశాం, వదినా

థండర్ బే,
అక్టోబరు, ఆదివారం మధ్యాహ్నం

ఇర్యా వదినకు సిల్వి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మన అలవాటు కాబట్టి అలాగే మొదలుపెడుతున్నాను. నేను క్షేమం, ఇల్లు క్షేమం. సరస్సు మీంచి వచ్చే గాలి మాత్రం అప్పుడే ముక్కు కోసేస్తోంది. వాంకూవర్ వానల్లో మీ మోకాలు ఎలా ఉందో రాయండి.

ముందు మీరడిగినవాటికి జవాబులు. పెరట్లో సౌనా ఆవిరిగది పైకప్పు బాగుచేయించాం. యాలకుల రొట్టె పొంగలేదన్నారు, మీరు మరిగే పాలు పోసి ఉంటారు. గోరువెచ్చగా ఉంటే చాలు. ఇక మూడో ప్రశ్న. "మా నాన్న ఆఫీసులో గడియారం చూసి ఫీజు వేసే పద్ధతి నువ్వెందుకు మాన్పించావు" అని కాస్త గట్టిగానే అడిగారు. అడిగే హక్కు మీకుంది.

మామగారి పద్ధతి నాకు తెలియనిదా? పెళ్ళయిన ఏడాదే ఆ లాయరు ఆఫీసులో కుర్చీ వేసుకున్నదాన్ని. గంటను పది ముక్కలు చేసి, ఆరు నిమిషాలకో ముక్క చొప్పున రాసుకునేవారు. మీ తమ్ముడు ఆర్వోకీ అదే ఒంటబట్టింది. కక్షిదారు ఫోనెత్తగానే కంప్యూటర్లో టైమర్ నొక్కడం, పెట్టేయగానే ఆపడం. భోజనాల దగ్గర నేను ఏదైనా ఊరి కబురు ఎత్తినా ఆయన వేలు టైమర్ కోసం బల్ల మీద తడుముకునేది. "నాక్కూడా బిల్లు వేస్తారా ఏమిటి" అని ఏడిపించేదాన్ని.

వేసవిలో అదంతా మార్చేశాను. సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి డెస్మండ్ అనే ఆయన ఫోన్లో ఉండి చేయించాడు. గంటకింత అన్నది తీసేసి, పనికింత అని గుత్త ఫీజు పెట్టాలి. విల్లుకు ఒకటి, ఇల్లు అమ్మకానికి ఒకటి. కక్షిదారు ముందుగా కట్టిన డబ్బు ట్రస్టు ఖాతాలో ఉంటుంది, పని పూర్తయిందని గుర్తు పెట్టాకే అది మనదవుతుంది. అన్నీ అయ్యాక అతను అడిగాడు.

"టైమర్ ఉంచమంటారా అమ్మా? బిల్లులోకి రాదులెండి. ఏ పనికి ఎంతసేపు పట్టిందో మీకు తెలుస్తుంది, అంతే."

"తీసెయ్యండి."

"చాలామంది ఉంచుకుంటారు."

"మాకు తెలుసుకోవాలని లేదు బాబూ" అన్నాను. నా గొంతు ఎలా వినబడిందో ఏమో, అతను మళ్ళీ అడగలేదు.

కొత్త ఆఫీసులన్నీ ఇలాగే చేస్తున్నాయి, ఎంతవుతుందో జనానికి ముందే తెలుస్తుంది అని పోయిన ఉత్తరంలో మీకు రాశాను. అబద్ధమేం కాదు. కానీ అసలు కారణం అది కాదు వదినా.

కారణం హెల్మీ. మీతో బళ్ళో చదివిన హెల్మీయే. వసంతంలో విల్లు రాయించుకోవడానికి వచ్చింది. తర్వాత ఓ రోజు నన్ను కాఫీకి పిలిచి, మేం పంపిన బిల్లు నా ముందు పెట్టింది.

"ఆర్వో రోజూ ఫోన్ చేసి మా పిల్లల పేర్లు అడుగుతున్నాడే. చెప్తాను. మర్నాడు మళ్ళీ అడుగుతాడు. ఒంటిదాన్ని, ఎవరో ఒకరు పలకరిస్తే నాకూ బాగానే ఉంటుంది. కానీ దానికి బిల్లు వేస్తే ఎలా సిల్వీ?"

నేను తలెత్తలేకపోయాను. ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను. "చెప్పేదాన్నయితే నిన్నెందుకు పిలుస్తాను" అని నా ప్లేటులో ఇంకో రొట్టె ముక్క వేసింది.

అదీ సంగతి. మీ తమ్ముడికి జ్ఞాపకం తప్పిపోతోంది. గంటల లెక్కన అయితే ఆయన మరిచిపోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు డబ్బు కట్టాలి. గుత్త ఫీజు అయితే ఎన్నిసార్లు అడిగినా ఒకటే, ఎవరికీ నష్టం లేదు, ఎవరికీ తెలియదు కూడా. విల్లులు సంతకానికి వెళ్ళేలోపు నేను చదివి దిద్దేదాన్ని. ఆయనకు మాత్రం ఇప్పుడిదే పద్ధతి అని చెప్పాను. పెద్ద గొడవే అవుతుందనుకున్నాను. "నీ ఇష్టం" అన్నారు. అంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నారో నాకప్పుడు తట్టలేదు.

పోయిన నెలలో ఒక శనివారం సౌనాలో కూర్చున్నాం. అక్కడ ఆఫీసు మాట ఎత్తకూడదన్నది మామగారు పెట్టిన కట్టుబాటు కదా. ఇన్నేళ్ళలో మీ తమ్ముడు దాన్ని ఒక్కసారీ తప్పలేదు. ఆ రోజు రాళ్ళ మీద నీళ్ళు పోసి, ఆవిరి కాస్త తగ్గాక అన్నారు:

"హెల్మీకి ఎన్నిసార్లు ఫోన్ చేశాను సిల్వీ?"

"మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. పిల్లల పేర్లు చెబుతున్నప్పుడు ఆమె గొంతులో తెలిసిపోయింది. చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. నువ్వు టైమర్ తీసేస్తానంటే అందుకే కాదనలేదు."

"మరి నాతో ఎందుకు అనలేదు?"

"నువ్వెందుకు అనలేదు?"

ఇంకో చెంబు నీళ్ళు పోసి ఆయనే అన్నారు.

"జనం మీద ఆ భారం పడకుండా చేశావు, బాగుంది. కానీ ఆ గంటలెక్కడికీ పోలేదు, నీ మీద పడ్డాయి. నేను రాసిన ప్రతి విల్లూ నువ్వు మళ్ళీ రాస్తున్నావు. ఏదో ఒకనాడు నీ కన్నూ తప్పుతుంది. రాయించుకున్న మనిషి పోయాక ఆ తప్పు దిద్దేదెవరు? చాలించు. ఆఫీసు లాయర్ల జాబితాలోంచి నా పేరు తీసెయ్యి."

ఆవిరిలో కనబడదులే అని ఏడ్చాను. ఆయన తుండు అందించారు.

డాక్టరుకు చూపించాం. నేను భయపడిన జబ్బే. చేతిలో ఉన్న ఫైళ్ళన్నీ వేరే లాయర్లకు అప్పగించేశాం. ఇక ఆ సాఫ్ట్‌వేర్లో ఆయన పేరొక్కటే మిగిలింది. ఒక్కసారి నొక్కితే పోతుంది. రోజూ పొద్దున దాని ముందు కూర్చుని, నొక్కలేక లేచి వస్తున్నాను. మీ నాన్నగారు తలుపు మీద రాయించిన పేరది. మీరు పక్కన ఉంటే నొక్కగలను. రండి వదినా. ఆయన మీ పేరు ఇంకా తడుముకోకుండా చెబుతున్నారు. ఆలస్యం చేయకండి.

ఆయనకు తెలివి ఉండగానే మా పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకోవాలని మొన్న బుషే అనే లాయరమ్మ దగ్గరకు వెళ్ళాం. ఆవిడ మర్యాదకు, "మీకు గంటల లెక్కే అలవాటు కదండీ, అలాగే వేయమంటారా?" అని అడిగింది.

మీ తమ్ముడు నా చెయ్యి పట్టుకుని నవ్వారు.

"వద్దమ్మా, గుత్తగానే మాట్లాడుకుందాం. నేను అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతాను."

ఇట్లు,
మీ రాక కోసం చూస్తూ,
మీ మరదలు
సిల్వి