బిగించక ముందే పెట్టిన గీతలు

బుధవారం, 2006. భద్రాచలం, మెకానిక్ ట్రైనింగ్ హాస్టల్.

మా సెంటర్‌లో చక్రం నట్టు బిగించాకే దాని మీద సుద్దగీత పెట్టాలి. గీత ఉంటే బిగించినట్టేనని సార్ నమ్ముతాడు. పొద్దున చర్ల ఊరికి జనాన్ని తీసుకెళ్లే జీపుకు చక్రం మార్చాను. అందరికంటే ముందు ముగించాలని ఐదు నట్ల మీదా గీతలు ముందే పెట్టేశాను.

"ఏంది తమ్మీ, జీపుకు బొట్లు పెడుతున్నవా? జల్దీ కానియ్, స్టాండుల జనం ఎదురు చూస్తున్నరు," అని డ్రైవర్ ఎంకన్న నవ్వాడు.

సార్ గీతలు చూసి పంపేశాడు. జీపు వెళ్లాక అనుమానం పట్టుకుంది. మూడు నట్లు బిగించినట్టే గుర్తుంది. మిగతా రెండూ?

సాయంత్రం జీపు వచ్చే వేళకు పానా, ఒక నట్టు జేబులో వేసుకుని స్టాండుకు పరిగెత్తాను. జీపులోంచి పన్నెండు మంది దిగారు. ఆఖరున ఒకామె చంటిపిల్లతో దిగింది. నేను చక్రం దగ్గర కూర్చున్నాను. ఒక నట్టు వేళ్లతోనే తిరిగింది. ఇంకొకటి లేనే లేదు, అడవి దారిలో ఎక్కడో పడిపోయింది. జేబులోని నట్టు వేసి, గబగబా రెండూ బిగించాను.

"మళ్ల చూస్తున్నవా? నీ అసొంటోడు ఉంటే మాకేం భయం రా!" అని ఎంకన్న భుజం తట్టాడు. నేను పానా జేబులో పెట్టుకుని హాస్టల్ దారి పట్టాను.

హాస్టల్‌కు రాగానే సార్ పిలిచాడు. "ఖమ్మం షెడ్డుల కొలువుకు నీ పేరు చెప్పిన. పనిల నువ్వు మస్తు జల్దీ," అన్నాడు. నట్టు పడిపోయిన సంగతి అప్పుడూ చెప్పలేదు.

ఏడో తరగతిలో బడి మానేసినవాడికి ఇంకో షెడ్డు దొరకదు. కళ్లు మూస్తే ఆ చంటిపిల్లే కనిపిస్తోంది. రేపు సార్‌కు చెప్పాలి. చెప్తానని రాశాను. పొద్దుటికి ఈ పేజీ చింపెయ్యకుండా ఉంటే చాలు.