సిల్తారా జీపుకి వెచ్చటి గాలి

భన్‌పురి, రాయ్‌పూర్

అక్కయ్యకి,

నీ తమ్ముడు శ్రీను దండాలు పెట్టి రాస్తున్నాను. నా ఒళ్ళు బాగుంది, తిండికి లోటు లేదు. నీ మోకాలు నొప్పి తగ్గిందా? బావగారు, చంటిది ఎలా ఉన్నారు? నాన్న మందులు వేసుకుంటున్నాడా? అన్నీ వివరంగా రాయి. ఈసారి నేనూ వివరంగానే రాస్తున్నాను. సంతోషం పట్టలేక గబగబా గీకేస్తున్నాను, అక్షరాలు వంకరపోతే తిట్టకు.

ఇక్కడి చలి మనవైపు చలి కాదు. పొద్దున్న పొగమంచులో షెడ్డుకి వెళ్తూ దారిలో వేడి పోహా, అదే అటుకుల ఉప్మా, తింటాను. ఆదివారం తెలీబంధా చెరువు దగ్గర కూర్చుంటే అందరూ పిల్లాపాపలతో కనిపిస్తారు, నాకు బెంగ పట్టుకుంటుంది. అయినా బాగానే ఉన్నాను, కంగారుపడకు. వీలైతే చింతకాయ పచ్చడి పంపు.

ఇక అసలు సంగతి. చలికాలం దాటేలోగా చేతికి పని రాకపోతే తిరిగొచ్చి జీడిపప్పు గోదాములో బస్తాలు కట్టమని నాన్న అన్నాడు కదా. నిజం చెప్తున్నాను, ఈ ఐదు నెలలూ బళ్ళు కడగడం, నట్లు విప్పడం తప్ప నేను చేసిందేమీ లేదు. మెకానిక్కునని మీకు అబద్ధం రాశాను.

మా ఉస్తాద్ అప్పలనాయుడుగారు ఇక్కడి రైల్వే క్వార్టర్సులోనే పుట్టి పెరిగిన మనవాడు. తెలుగులో మొదలుపెట్టి హిందీలో తిడతాడు. సిల్తారాలో స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ సిబ్బందిని తిప్పే జీపు ఒకటి పోయిన వారం మూడోసారి అదే రోగంతో వచ్చింది. హీటరు ఒకటి, రెండు, మూడు నంబర్లలో పలకదు. నాలుగులో పెడితే మోటారు మోతే గాని గాలి లేదు. పొద్దుటి షిఫ్టుకి వెళ్తుంటే అద్దానికి లోపల ఆవిరి పట్టి, డ్రైవరు దుర్గేశ్ ముందున్న లారీని కొద్దిలో గుద్దేవాడట.

“ఏటిరా ఇది, రెసిస్టెన్స్ ఫిర్ జల్ గయా? రెండు మార్సినాం కదా!” అని ఉస్తాద్ తల పట్టుకున్నాడు, మళ్ళీ మాడిందా అని. తర్వాత నావైపు తిరిగాడు. “ఇది నువ్వే సూడు. మళ్ళీ కాలిందంటే జీపు ఇంకో షెడ్డుకి పోద్ది, నువ్వు మీ ఊరెల్లిపోదువు గాని.”

రెసిస్టెన్స్ అంటే పెద్ద యంత్రం కాదక్కా, ఒక పలకకి బిగించిన తీగ చుట్టలు. తక్కువ నంబర్లలో కరెంటు వాటి గుండా తగ్గి మోటారుకి వెళ్తుంది, నాలుగులో నేరుగా వెళ్తుంది. చుట్టలు మాడితే మిగిలేది నాలుగే. కానీ మాటిమాటికీ ఎందుకు మాడుతున్నాయి? మోటారు విప్పాను. సిల్తారా ఇనుప ధూళి అయస్కాంతాలకి నల్లగా పట్టేసి, చేత్తో తిప్పితే బిగుసుకుంటోంది. దొరికిందిరా దొంగ అనుకున్నాను! తుడిచి, నూనె చుక్క వేసి బిగిస్తే సులువుగా తిరిగింది. గాలి మాత్రం అంతే.

దుర్గేశ్ పక్కన నిలబడి బీడీ తాగుతున్నాడు. మోటారు హోరుమంటోంది, ఆ బీడీ పొగ మాత్రం గాలి వచ్చే కంత ముందు కదలకుండా నిలబడింది. అప్పుడు వెలిగింది నాకు. ఆ చుట్టల్ని గాలి దారిలో పెట్టింది అవి చల్లబడటానికే. గాలే లోపలికి రాకపోతే మాడక ఏం చేస్తాయి? బానెట్ ఎత్తి, అద్దం కింద గాలి పీల్చే జాలీ విప్పాను. లోపల నాలుగు మడతల గళ్ళ తువ్వాలు, ధూళితో అట్ట కట్టి ఉంది. సిల్తారా తిరిగే బళ్ళకి ధూళి రాకుండా ఇక్కడ చాలామంది ఇలా గుడ్డ కుక్కుతారు.

గంతెయ్యబోయి ఆగిపోయాను. గుడ్డని జాలీకి కట్టిన ముడి, బస్తా మూతికి నాన్న వేసే ముడి! ఈ భన్‌పురిలో అది నాకు తప్ప ఎవరికీ రాదు. వచ్చిన కొత్తలో, దుర్గేశ్ ధూళికి దగ్గుతున్నాడని జాలిపడి నేనే కట్టాను. అతన్ని లారీ కిందికి పంపబోయింది నేనేనక్కా.

జేబులో కుక్కేసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చింది, సిగ్గు లేకుండా చెప్తున్నాను. కానీ దుర్గేశ్ మొహం చూశాక వల్లకాలేదు. “ఉస్తాద్, ఇది కట్టింది నేనే” అన్నాను.

“తైఁ బాంధే రహేస్?” అన్నాడు దుర్గేశ్, నువ్వా కట్టావని. ఉస్తాద్ గుడ్డని అటూ ఇటూ తిప్పి చూసి, నేరుగా తన సొంత వ్యాను దగ్గరికి నడిచి బానెట్ ఎత్తాడు. ఎప్పుడో ధూళికని తనే కుక్కిన పాత చీర ముక్క ఒకటి లోపలినుంచి లాగాడు, మా గుడ్డకి రెండింతలుంది!

“మూడేళ్ళ నుంచి మా ఆవిడ సలి సలి అంటంది. బేకార్ బండి అని బండినే తిట్టినాన్రా!” అని పడీపడీ నవ్వాడు. దుర్గేశ్ కూడా నవ్వాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

కొత్త రెసిస్టెన్స్ వేశాను. ఒకటి, రెండు, మూడు, అన్నిటా వెచ్చటి గాలి! వారమైంది, రోజూ జీపు ఆపి “చలత్ హే!”, పనిచేస్తోందని అరిచి వెళ్తున్నాడు దుర్గేశ్. ఉస్తాద్ ఆ సాయంత్రమే అన్నాడు: “నువ్వు సెప్పకపోతే నాకు తెలిసీది కాదు. కల్ సే కరెంటు పని నీది.” మర్నాటి నుంచి బళ్ళ కరెంటు పని నా చేతిలోనే ఉందక్కా.

పెద్దమ్మకి, బావగారికి నా నమస్కారాలు, చంటిదానికి ముద్దులు. మీరంతా నన్ను దీవించండి. ఈ ఉత్తరం నాన్నకి నువ్వే చదివి వినిపించు. అబద్ధం రాసినందుకు తిడితే తిట్టనీ, అడ్డుపడకు. గోదాములో నా చోటు ఇంకెవరికైనా ఇచ్చెయ్యమను. ఇల్లు తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుందక్కా. అయినా నేను రాను.

నీ తమ్ముడు,
శ్రీను